హమ్మయ్య బండ

ఆయన పోయారని నాకు ఫోను చేసి చెప్పింది వాళ్ళమ్మ. తొంభై దాటిన మనిషి. పక్కింటి వాళ్ళ చేత నంబరు నొక్కించుకుని, "మా వాడు నిన్న పొద్దున పోయాడమ్మా. నీకు చెప్పమని ఎవరూ అనలేదు, నాకే చెప్పాలనిపించింది," అంది. "అయ్యో, మామ్మగారూ" అన్నాను. గుడివాడ నుంచి బందరు ఎంత దూరమని, బస్సెక్కి ఒక కునుకు తీస్తే వచ్చేస్తుంది. ఆ రోజు నాకు సెలవు కూడాను. అయినా వెళ్ళలేదు. దుప్పట్లు ఉతికి ఆరేసుకున్నాను, చేపల పులుసు పెట్టుకున్నాను, తిని పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

ఆయన నాకు చేసిన పని ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి, చావుకి వెళ్ళలేదేమని అడిగిన వాళ్ళు లేరు. మంచిదే. కానీ ఆ కబురు విన్నప్పటి నుంచి ఆయన నన్ను వదలడం లేదు. నేను పని చేసేది ఆసుపత్రి ల్యాబులో. రక్తం తీయడానికి ఎవరి చెయ్యి పట్టుకున్నా, నల్లబడ్డ ఆయన వేళ్ళే కనపడుతున్నాయి. బతికి ఉండగా మూడేళ్ళపాటు ఆ మనిషిని తలుచుకోకుండా ఉండగలిగాను, పోయాక నా వల్ల కావడం లేదు. అందుకని రాసి పారేద్దామని కూర్చున్నాను.

ముందుగా గుర్తొచ్చేది ఆయన నుదురు. అక్కడ ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది, పట్టీతో తలకి కట్టుకుని. పని చేసేటప్పుడు దాన్ని కంటి మీదికి దించుకునేవారు, మాట్లాడేటప్పుడు నుదుటి మీదికి తోసేవారు. ఎదుటి మనిషి పనికొచ్చే మాట ఏదైనా అంటే మాత్రం మాట్లాడుతున్నవారల్లా మళ్ళీ కిందికి దించేవారు. పెళ్ళిచూపుల వాళ్ళు కూడా నా మొహాన్ని అంత శ్రద్ధగా చూడలేదు. అప్పట్లో నాకది ముచ్చటగా ఉండేది.

ఆయన అచ్చులు చెక్కేవారు. చిలకలపూడి వైపు సందుల్లో రోల్డ్ గోల్డ్ నగలు చేస్తారని అందరికీ తెలుసు. ఆ నగలకి ముందు ఉక్కు ముక్క మీద అచ్చు చెక్కాలి. దాని మీద రేకు పెట్టి ఒత్తితే ఒకే రకం చెవిబుట్టలు వంద వస్తాయి, వెయ్యి వస్తాయి. అచ్చు చెక్కే చెయ్యి మంచిదైతే బంగారం బుట్టని, ఆ బుట్టని పక్కపక్కన పెట్టినా అత్తగారు కూడా పోల్చుకోలేదు. ఆయన చెయ్యి అలాంటిది.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది మా అమ్మ బుట్టల కోసం. అమ్మ ఆరేళ్ళు మంచంలో ఉంది. పక్షవాతం. ఆ ఆరేళ్ళూ ఆమె చెవుల వెనక తుడిచింది నేను, బుట్టలు మాత్రం మా తమ్ముడి కూతురికని ముందే చెప్పేసింది. సరే, ఆమె ఇష్టం. ఇచ్చేముందు వాటికి నకలు చేయించుకుందామని సమాధి కార్యక్రమం అయిన నెలకి బందరు వెళ్ళాను. ఆయన ఆ బుట్టని మెత్తటి మైనంలో ఒక్కసారి ఒత్తి తీసి, గుడ్డతో తుడిచి, నిమిషంలో నా చేతిలో పెట్టేశారు.

"ఇదిగో అమ్మాయ్, నగ నీ దగ్గరే ఉంది. నా దగ్గర ఉన్నది అచ్చు. నీకు పోయిందేమన్నా ఉందా?"

వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఆ మాట అనేవారని తర్వాత తెలిసింది. దొంగతనాల భయంతో జనం నగ వదిలి వెళ్ళరు కదా, వాళ్ళకి ధైర్యం చెప్పడానికి పుట్టిన మాట అది. నేను నవ్వి, ఏమీ పోలేదన్నాను.

ఆ గదిలో గోడ నిండా కొండలు. పాత క్యాలెండర్లలోంచి కత్తిరించి అంటించినవి. బందరు నుంచి ఏ దిక్కు చూసినా కొండన్నది కనపడదు. అక్కడ ఎత్తంటే మంచినీళ్ళ ట్యాంకు, దివిసీమ వాళ్ళకైతే కరకట్ట. అలాంటి చోట ఈయనకి కొండల పిచ్చేమిటా అని చూస్తుంటే, "ఎప్పుడన్నా కొండెక్కావా?" అని అడిగారు.

"స్కూల్లో ఉన్నప్పుడు గుణదల ఎక్కించారండీ."

"మెట్లున్నాయిగా. మెట్లుంటే అది కొండ కాదు, మేడ."

అలా మొదలైంది. ఆ రోజు మూడు గంటలు కూర్చోబెట్టారు. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, ఒంటరిగా తిరిగే మనిషి కొండని ఎలా వెతుక్కోవాలో చెప్పారు. నా బుర్రలో అవి ఇప్పటికీ ఆయన గొంతుతోనే ఉన్నాయి. "పైన గుడుంటే వెళ్ళకు, మెట్లుంటాయి, మెట్లుంటే జనముంటారు. జలపాతముంటే అసలు వెళ్ళకు, సీసా పెంకులుంటాయి. రైలు దిగిన ఊళ్ళో మొదటి బస్సు ఎక్కకు, సంతకెళ్ళి తిరిగొచ్చే ఆడవాళ్ళు ఏ బస్సు ఎక్కుతారో అది ఎక్కు. దారి టీకొట్టు దగ్గర మగాళ్ళని అడగబోకు. వాళ్ళు తెలియకపోయినా చెప్తారు. కట్టెలు కొట్టుకొచ్చే మనిషినడుగు. ఊళ్ళో ఒక ఇంట్లో పేరు చెప్పి, పొద్దుగూకేలోపు దిగొస్తానని చెప్పి మరీ ఎక్కు. అన్నిటికంటే ముఖ్యం, పేరున్న కొండ జోలికి పోకు. పేరు పెట్టారంటే ఇక అది అయిపోయినట్టే."

తెలియకపోయినా చెప్పే మగాళ్ళ గురించి అంత బాగా ఆయనకెలా తెలుసో నేనడగలేదు.

వచ్చేసేటప్పుడు చిన్న ఇత్తడి రేకు మీద దారి గీసి ఇచ్చారు. సన్న ఉలితో, అక్షరాలు ముత్యాల్లా. "కాగితం తడుస్తుంది, ఫోను చస్తుంది. రేకు ఉంటుంది," అన్నారు. విజయనగరం దాటాక ఒక స్టేషను, అక్కడి నుంచి ఒక బస్సు, ఒక ఊరు. ఆ ఊరి పేరు చెప్పను. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదని తెలుసు. అయినా చెప్పను.

ఇంట్లో ట్రైనింగని చెప్పి వెళ్ళాను. మా తమ్ముడు, మరదలు మంచివాళ్ళే కానీ, ఆడది ఒక్కతే కొండెక్కడానికి వెళ్తుందంటే చర్చి సంఘం మొత్తం మోకరించి ప్రార్థన మొదలుపెట్టేది. ఆ రేకు మీద "మెట్ట దాటి, చింతచెట్ల దగ్గర ఎడమకి" అని ఉంది. మా నందివాడ వైపు పుట్టినదాన్ని, నాకు మెట్ట అంటే ఏమిటి? నీళ్ళు పారని చేను. పల్లానికి వ్యతిరేకం మెట్ట. అదిగో చోడి చేలు, మన రాగులే, నీటిచుక్క లేదు, మెట్టంటే ఇదే అనుకుని వాటికి అడ్డంపడి ఎండలో రెండు గంటలు నడిచాను. చేలు అయిపోయాయి, చింతచెట్లు లేవు. కట్టెల మోపుతో ఒకావిడ ఎదురైంది. రేకు చదివి వినిపించాను.

"మెట్టంటే చేనేటమ్మా!" అని ఆవిడ మోపు కింద పడేసి మరీ నవ్వింది. "అదిగో, ఆ కొండే మెట్ట. నువ్వు ఎనక్కొచ్చీసినావు."

అక్కడ చిన్న కొండని మెట్ట అంటారట. కొండెక్కడానికి వచ్చి కొండకి వీపు పెట్టి నడిచిన మనిషిని ఆవిడ అంతకు ముందు చూసి ఉండదు.

పైకి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. చివర్న ఒక వెడల్పాటి బండ, ముందుకి చాచిన అరచెయ్యిలాగా. దాని మీద కూర్చున్నాను. కింద ఊళ్ళో ఒక మేక అరిస్తే కూడా వినపడేంత నిశ్శబ్దం. ఆరేళ్ళుగా నా చెవుల్లో ఒకటే చప్పుడు, అమ్మ మూలుగు. నిద్రలో కూడా వినపడేది, ల్యాబులో కూడా వినపడేది. ఆ బండ మీద కూర్చున్న కాసేపటికి అది ఆగిపోయింది. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. పైకే వచ్చింది.

"హమ్మయ్య."

నేనన్నది దేని గురించో నాకు తెలుసు. ఎక్కడం అయిపోయిందని కాదు. అమ్మ పోయినందుకు. నెల కిందటే అమ్మ కోసం పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరు గారు నన్ను నిలబెట్టి, ఇలాంటి కూతురు ఇంటికొకరుండాలన్నారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ కూతురు అన్న మాట ఇది. తర్వాత ఏడ్చాను, అమ్మ పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

ఆ మాట నేను తమ్ముడికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా చెప్పలేదు. ఆయనకి చెప్పాను.

ఎందుకు చెప్పానంటే, మెట్ట సంగతి చెప్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు కాబట్టి. "నేనూ మొదటిసారి అచ్చం అలాగే పోయానమ్మాయ్!" అన్నారు. ఆ నవ్వులో ఉన్న చనువుతో మిగతాది కూడా చెప్పేశాను. నాకు అప్పుడే అనుమానం రావలసింది. రేకు మీద మెట్ట అని చెక్కిన మనిషికి మెట్టంటే ఏమిటో తెలియకపోవడమేమిటి? రాలేదు. మనసు విప్పి కూర్చున్న మనిషికి అనుమానాలెందుకు వస్తాయి?

హమ్మయ్య అన్నానని చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు. ఉలి పక్కన పెట్టారు. భూతద్దం తలమీంచి పూర్తిగా తీసేశారు. అది లేకుండా ఆయన్ని నేను చూడడం అదొక్కసారే. కళ్ళు చిన్నవి, అలిసిపోయినవి. తన గ్లాసులో సగం టీ నా గ్లాసులో పోసి, "అది పాపం కాదమ్మాయ్," అన్నారు. "ఆరేళ్ళు మోసిన మనిషి మూట దించితే ఏమంటుంది? అదే అంటుంది."

ఆ ఒక్క మాట మీద నేను నాలుగేళ్ళు బతికాను. ఇది కోపంలో కూడా కాదనలేను.

ఆ నాలుగేళ్ళలో ఆయన గీసిచ్చిన రేకులతో ఏడు కొండలు ఎక్కాను. అన్నీ ఒక్కదాన్నే. ఒంటరి ఆడదానివి, భయం వెయ్యదా అని బస్సుల్లో అడిగేవాళ్ళు. ఇంట్లో వేసిన భయం కొండ మీద నాకెప్పుడూ వెయ్యలేదు. తిరిగి రాగానే బందరు వెళ్ళి, మామ్మగారికి నాలుగు బత్తాయిలు ఇచ్చి, ఆయన ముందు కూర్చుని అంతా చెప్పేదాన్ని. ఎక్కడ నీళ్ళున్నాయి, ఎక్కడ దారి చీలింది, ఏ ఊళ్ళో ఎవరింట్లో గంజి పోశారు, పైకెళ్ళాక ఏమనిపించింది. ఆయన భూతద్దం దించుకుని వినేవారు. "ఆ చీలిక దగ్గర రాయి ఎర్రదా, నల్లదా?" అని అడిగేవారు. "అప్పుడు నీకు ఏడుపొచ్చిందా, తర్వాతా?" అనీ అడిగేవారు. తను వెళ్ళిన చోటే కదా, జ్ఞాపకాలు సరిచూసుకుంటున్నారని మురిసిపోయేదాన్ని.

నాలుగో ఏడు చలికాలంలో నాకు మొదటి కొండ మీద మనసు పుట్టింది. ఆ బండ మీద ఇంకొక్కసారి కూర్చోవాలనిపించింది. ఆయనకి చెప్పకుండానే వెళ్ళాను.

చింతచెట్ల కింద పదిహేను మోటారుసైకిళ్ళున్నాయి. దారి పొడవునా చిప్స్ కవర్లు. పైన బండ మీద తెల్లరంగుతో పెద్ద అక్షరాల్లో "హమ్మయ్య" అని రాసి, పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ వేశారు. ముప్ఫై, నలభై మంది ఉన్నారు. ఒక్కొక్కళ్ళూ బండ చివరికి వచ్చి, చేతులు చాచి, హమ్మయ్య అని అరుస్తున్నారు. మిగతావాళ్ళు ఫోనుల్లో తీస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు.

నేను చూసింది నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. టోపీ పెట్టుకున్న అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చాడు. మర్యాదస్తుడే, బెజవాడ వాడట.

"ఫస్ట్ టైమాండీ? ఇది హమ్మయ్య బండ అండీ. పైకొచ్చాక ఎవరైనా హమ్మయ్య అనాల్సిందే. అది రూలు."

"ఎవరు పెట్టారు బాబూ ఆ పేరు?"

"పేరు మేమే పెట్టామండీ, మ్యాపులో కూడా ఎక్కించాం. కానీ కథ మాత్రం బందరులో ఒక పెద్దాయనది. ఆయన మామూలోడు కాదండీ. వాళ్ళమ్మగారు ఆరేళ్ళు మంచంలో ఉండి పోయారట. అప్పుడాయన ఒక్కడే ఇక్కడికొచ్చి, ఇదే బండ మీద కూర్చుని, హమ్మయ్య అన్నారట. విని మాకు ఒళ్ళు జలదరించిందండీ. మెట్టంటే పొలం అనుకుని వేరే దారిలో పోయారట ముందు, అదింకా నవ్వు. ఇదిగో, ఆయనిచ్చిన రేకు." జేబులోంచి తీశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. "మీరూ అనండి మేడమ్, నేను వీడియో తీస్తాను."

అందరూ నా వైపు తిరిగారు. "అనండి, అనండి" అన్నారు, ముచ్చటగానే. నోరు తెరిచాను. రాలేదు. నా మాట అడగడానికి నలభై మంది నిలబడితే నా నోట్లో అది లేదు. కాళ్ళు నొప్పులన్నానో ఏదో అన్నాను, దిగొచ్చేశాను.

గుడివాడలో దిగలేదు. తిన్నగా బందరు వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండింటికి ఆయన ఏదో నెమలి బొమ్మ చెక్కుతున్నారు. చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి అడిగాను.

"మీ అమ్మగారు ఎప్పుడు పోయారండీ?"

ఆయన ఉలి ఆగింది. ఆ సమయానికే లోపలి గదిలోంచి కేక వినపడింది. "ఎవర్రా వచ్చింది? గుడివాడ పిల్లేనా? ఎండన పడి వచ్చినట్టుంది, మజ్జిగియ్యరా!"

అబద్ధం ఆడిన మనిషికి అంతకంటే శిక్ష ఉండదు. కానీ ఆ పూట నాకు నవ్వు రాలేదు.

"కూర్చో అమ్మాయ్."

"కూర్చోను. ఆ మాట ఎవరిది?"

"నీదే." దాచలేదు. ఆ మాత్రం నిజాయితీ ఉంది.

"మీరు ఆ కొండ ఎక్కారా?"

గోడ పట్టుకుని నెమ్మదిగా గుమ్మం దాకా వచ్చిన మామ్మగారు నా ప్రశ్న విన్నట్టున్నారు. "వీడా? కొండా?" అన్నారు. "డాబా మీద వడియాలు తీసుకురారా అంటేనే మెట్ల మీద రెండుసార్లు కూలబడతాడు. చిన్నప్పటి నుంచి ఆ యాసిడు పొగలో పనిచేసి ఊపిరి ఎక్కడుంది వీడికి? బెజవాడ దాటి వెళ్ళిందే లేదు."

ఏడు కొండలు. అన్నీ వేరే ఎవరెవరివో. ఎవరో చెప్పిన నీటి ఊట దగ్గర నేను నీళ్ళు తాగాను, ఎవరో కూర్చుని ఏడ్చిన చోటికి నన్ను పంపారు. నేను చెప్పినవి ఇంకెవరికో చెక్కి ఇచ్చారు. పదేళ్ళ క్రితం ఒక బ్యాంకాయన మొదటి కొండ సంగతి చెప్పారట, అలా మొదలైందట. అదంతా తనే చెప్పుకుంటూ పోయారు, నేను నిలబడే ఉన్నాను.

"దారి ఎవరికైనా చెప్పండి, కొండలు నావి కావు," అన్నాను. "నా మాట ఎందుకిచ్చారు? మా తమ్ముడికి కూడా చెప్పని మాట అది."

"నీ పేరు చెప్పలేదమ్మాయ్. ఎవరికీ, ఎప్పుడూ. ఒట్టు. నగ నీ దగ్గరే ఉందిగా? నేను తీసింది అచ్చేగా?"

అప్పటికి నాలుగేళ్ళుగా వింటున్న మాట. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు, అదే నాకు ఎక్కువ మండింది. నలభై ఏళ్ళుగా జనం తెచ్చిన వస్తువుని మైనంలో ఒత్తి తిరిగి ఇచ్చిన మనిషికి, ఏం పోతుందో నిజంగానే తెలియదు.

"అంతమంది చెవులకి అవే బుట్టలు వేలాడుతుంటే అసలుది పెట్టుకున్నదాన్ని ఎవరు నమ్ముతారు బాబాయ్‌గారూ? నేనే నమ్మలేకపోతున్నాను. నిన్న అక్కడ నిలబడితే నా నోటికి అది రాలేదు."

"వచ్చినవాళ్ళలో నీలాంటి మాట కడుపులో పెట్టుకున్నవాళ్ళే ఎక్కువమ్మాయ్. చెప్పుకోలేక చస్తుంటారు. ఎవరో అన్నారంటే వినరు. నేనన్నానంటే వింటారు. అందుకని..."

"అందుకని మీ అమ్మని చంపేశారు."

మామ్మగారు "ఏంటంటుందిరా?" అని అడిగారు. ఆయన భూతద్దం కంటి మీదికి దించుకుని నెమలి మీదికి వంగారు. ఉలి మాత్రం కదల్లేదు. నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఆ తర్వాత ఆరు నెలలకి, బందరు నుంచి మా ల్యాబుకి రక్తపరీక్షలకొచ్చిన ఒకావిడ చేత ఒక రేకు పంపించారు. గుడ్డలో చుట్టి ఉంది. విప్పలేదు. ఇంట్లో పాత ఇత్తడి బిందెతో పాటు పాతసామాన్ల వాడికి వేసేశాను. దాని మీద దారి ఉందో, క్షమించమని ఉందో నాకు తెలియదు. అప్పుడప్పుడూ చూడవలసింది అనిపిస్తుంది. అనిపించినప్పుడల్లా ఆ తెల్లరంగు అక్షరాలు గుర్తు తెచ్చుకుంటాను, ఆ ఆలోచన పోతుంది.

కొండలు మానలేదు, ఇంట్లో కూడా తెలిసిపోయింది. ఆయన చెప్పిన పద్ధతులు నిక్కమైనవే, ఎవరి దగ్గర కొట్టేసినవైనా సరే. వాటితోనే, ఎవరి రేకూ లేకుండా, నా అంతట నేను ఒక కొండ వెతుక్కున్నాను. మూడు రైళ్ళు తప్పిపోయి, రెండు ఊళ్ళు తిరిగి. గుడి లేదు, జలపాతం లేదు, పేరు లేదు. ఏడాదికి రెండుసార్లు వెళ్తాను. నోరు మూసుకుని ఎక్కుతాను, నోరు మూసుకుని దిగుతాను. పైన ఒక్క మాట కూడా అనను. ఎవరూ లేరని తెలిసినా, అనలేను. ఆయన నా దగ్గర తీసుకుపోయింది అదీ.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ పోయిన వారం జరిగింది కూడా చెప్పకపోతే, నేను ఆయన మీద రాసిందంతా సగమే అవుతుంది.

మా ఆసుపత్రిలో ఒక నర్సు ఉంది. నాగాయలంక మనిషి, నా ఈడుదే, నన్ను వదినా అంటుంది. భర్త లివరు పాడై రెండేళ్ళు నానా యాతనా పడి, రెండు నెలల క్రితం పోయాడు. ఆ రెండేళ్ళూ ఆమె డ్యూటీలో ఎంత, ఇంట్లో ఎంత చేసిందో నేను చూశాను. పోయిన వారం మధ్యాహ్నం అన్నాలు తింటుంటే, క్యారేజీ మూత పెట్టేసి, నా దగ్గరికి జరిగింది.

"వదినా, నువ్వు ఒక్కదానివే కొండలకి వెళ్తావంటగా. మీ మరదలు గారు చెప్పారు. నాకూ ఒకటి చెప్పవా? జనం లేనిది. మా దివిలో ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు పలకరిస్తారు. ఒక్క పూట కూర్చుని వస్తాను."

నా కొండ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. పేరు లేదు కదా, ఊరి పేరు వచ్చింది. మింగేశాను.

"నేను వెళ్ళేవన్నీ జనమే," అన్నాను. "ఆడవాళ్ళకి ఒంటరిగా మంచిది కాదులే."

నన్ను బస్సుల్లో అందరూ అన్న మాట, నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆమె తల ఊపింది కానీ లేవలేదు. గొంతు తగ్గించింది.

"ఎవరికీ చెప్పలేదు వదినా. ఆయన పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. నాకు ఏమనిపించిందంటే..."

"చెప్పకు," అన్నాను.

ఆమె ఆగిపోయింది.

"నాకు చెప్పకు. ఎవరికీ చెప్పకు. నీ దగ్గరే పెట్టుకో."

ఆమె మంచి కోరి అన్నానని ఆ క్షణాన అనుకున్నాను. కాదు. ఆయన మీద కోపాన్ని తీసుకెళ్ళి ఆమె నోటికి అడ్డం పెట్టాను. దొంగో, అబద్ధాలకోరో, ఆయనుంటే ఆమెని ఆ మాట అననిచ్చేవారు. అది పాపం కాదని చెప్పేవారు. నాకది తెలిసి కూడా ఆ రెండు ముక్కలూ నా నోట రాలేదు.

"సరేలే వదినా," అంది. క్యారేజీ కడుక్కుని, గడియారం చూసుకుని, వార్డుకి వెళ్ళిపోయింది. వారమైంది. ఎదురుపడితే నవ్వుతోంది, పలకరిస్తోంది, రిపోర్టులు తీసుకెళ్తోంది. నా పక్కన కూర్చుని మాత్రం అన్నం తినడం లేదు.